బెల్లం దొంగ

కిటికీలో ఎండ కాచుకుంటున్న పిల్లిని చూసి లీల కారు ఆపేసింది.

ముదురు బెల్లం రంగు ఒళ్ళు. చిరిగిన ఎడమ చెవి. ముందు కాలి మీద సెలైన్ సూది కోసం గొరిగిన చోట బొచ్చు ఇంకా సరిగ్గా రాలేదు.

అది బెల్లం. కిందటి నెల చచ్చిపోయిన బెల్లం.

లీల వెళ్ళి ఆ అపార్ట్‌మెంట్ తలుపు తట్టింది. తీసిన మనిషి సుమతి.

సుమతి ఆమెకు తెలుసు. అమెరికాలోని ఈ ఇర్వింగ్ ఊళ్ళో బెల్లాన్ని చూపించే పెట్ క్లినిక్‌లో ఫోన్లు తీసే తెలుగమ్మాయి.

పిల్లల్లేని ఇంట్లో బెల్లమే లీలకు సందడి. దానికి షుగర్ వచ్చినప్పటి నుంచి రెండు పూటలా ఇంజెక్షన్ తనే ఇచ్చేది. పందొమ్మిది వందల ఎనభై మూడు, ఆ చలికాలంలోనే అది ఉన్నట్టుండి తిండి మానేసింది, వాంతులు చేసుకుంది, ఒళ్ళు వాల్చేసింది. షుగర్ ముదిరి రక్తం చెడిందని డాక్టర్ విట్లాక్ సెలైన్ పెట్టి క్లినిక్‌లోనే ఉంచాడు.

"ఇవాళ చేపముక్క నాకింది అక్కా. కోలుకుంటోంది. నేను చూసుకుంటాను కదా, మీరు ఏడవకండి" అని ఫోన్‌లో చెప్పింది ఈ సుమతే.

మర్నాడు లీల భర్త రాజగోపాల్ క్లినిక్ నుంచి వచ్చి, కోటు విప్పకుండానే చెప్పాడు.

"పోయింది లీలా. మిగతాదంతా వాళ్ళే చూసుకుంటారట. నువ్వు చూడకపోవడమే మంచిది."

ఆయన డాక్టరు. చావు కబుర్లు చెప్పడం తెలిసిన మనిషి.

ఇప్పుడు ఆ చచ్చిపోయిన పిల్లి లీల కాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటోంది.

"ఇది నా పిల్లి" అంది లీల.

సుమతి మొహం పాలిపోయింది. "లోపలికి రండి అక్కా."

"అక్కా అనకు. ఎవరిచ్చారు దీన్ని నీకు?"

సుమతి తలుపు పట్టుకుని నిలబడింది. "నేనే తెచ్చుకున్నాను."

"చచ్చిపోయిందని మాకు చెప్పి?"

సుమతి వంగి పిల్లి వీపు నిమిరింది.

"ఎందుకు చేశావు?"

"బతుకుతుందనిపించింది."

"మా ఇంట్లో అయితే బతకదనా?"

సుమతి నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

లీల పిల్లిని ఎత్తుకుని కారెక్కింది. సుమతి ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ సీసా, సిరంజీలు సంచిలో వేసుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"పొద్దున్న ఇంజెక్షన్ ఇచ్చేశాను. మళ్ళీ ఇవ్వకండి. అన్నం తిన్నాకే ఇవ్వండి, తినకపోతే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి."

లీల సంచి లాక్కుని తలుపు వేసింది. దారి పొడుగునా బెల్లం వెనక అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. అది కూడా తనకు ద్రోహం చేసినట్టే అనిపించింది లీలకు.

ఇంట్లో దాన్ని చూసి రాజగోపాల్ సోఫాలో కూలబడ్డాడు. లీల జరిగిందంతా చెప్పింది.

"పోలీస్ రిపోర్ట్ ఇస్తానండీ" అంది లీల.

"వద్దు. దొరికింది కదా, ఇంకా గొడవ దేనికి? క్లినిక్‌తో నేను మాట్లాడతాను. ఇకమీదట మనం అక్కడికి వెళ్ళద్దు."

మర్నాడు సాయంత్రం మాట్లాడానన్నాడు.

లీలకు మాత్రం కడుపు మంట చల్లారలేదు. అమెరికన్ అమ్మాయి చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. మన తెలుగుపిల్ల. తను ఫోన్‌లో వెక్కివెక్కి ఏడుస్తుంటే ఓదార్చిన పిల్ల. ఓదారుస్తూనే ఎత్తుకుపోయింది.

ఉగాది పార్టీలో ఆ మాటే అందరికీ చెప్పింది.

ఆ తర్వాతి ఆదివారం భజనకు సుమతి వచ్చింది. తివాచీ మీద ఎవరూ జరిగి చోటివ్వలేదు. ఆమె తెచ్చిన పులిహోర గిన్నె మూత కూడా ఎవరూ తీయలేదు. హారతి కాకముందే గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

"ఊరే వదిలి వెళ్ళిపోయిందట. ఎక్కడికో ఎవరికీ తెలీదు" అంది పక్కింటి రేణు, కొన్నాళ్ళకు.

"పీడ పోయింది" అంది లీల.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బెల్లం తూలుతూ నడిచి వంటింట్లో పడిపోయింది. షుగర్ ఒక్కసారిగా దిగిపోయింది. లీల దాని చిగుళ్ళకు తీపిపాకం రాసి, కొత్త డాక్టరు సెలవులో ఉంటే, వేరే దారి లేక పాత క్లినిక్‌కే తీసుకెళ్ళింది.

డాక్టర్ విట్లాక్ గ్లూకోజ్ ఎక్కించాడు. కాసేపటికి బెల్లం తలెత్తింది.

"గండం గడిచింది" అన్నాడాయన. "ఇంతకీ ఇది మీ దగ్గర ఉందేమిటి? సుమతి దగ్గర ఉండాలి కదా?"

"తను దొంగిలించింది డాక్టర్. నేను వెనక్కి తెచ్చుకున్నాను. మావారు మీతో మాట్లాడారుగా."

"నాతో ఎవరూ మాట్లాడలేదు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీవారు ఆ రోజు వచ్చి, ఇంజెక్షన్ ఇచ్చి దీని ప్రాణం తీసెయ్యమన్నారు. కోలుకుంటోందని చెప్పినా, రోజూ ఈ సూదుల గోల ఇక చాలంటూ వినలేదు. నేను మందు తీస్తుంటే సుమతి అడ్డం వచ్చింది. నాకిచ్చెయ్యండి, నేను సాకుతానని ఆయన్ని బతిమాలింది."

లీల బల్ల అంచు పట్టుకుంది.

"మరి సుమతి నాకెందుకు చెప్పలేదు? నేను అన్ని మాటలంటున్నా ఎందుకు చెప్పలేదు?"

"మీకు ఎన్నటికీ చెప్పనని మాటిస్తేనే పిల్లిని ఇస్తానన్నారు మీవారు" అన్నాడు డాక్టర్ విట్లాక్. "ఆ అమ్మాయి మాటిచ్చింది."