అక్కర్లేని స్కాన్

“రొమ్ము క్యాన్సర్ మొదటి దశలోనే దొరికింది. ఒళ్ళంతా స్కాన్లు అక్కర్లేదమ్మా,” అన్నారు డాక్టరమ్మ మా చెల్లెలితో.

ఆస్పత్రి మెట్లు దిగుతూనే మొదలుపెట్టాను. “ఆవిడ వద్దంటే ఊరుకుంటామా? ఇంకో డాక్టర్ని అడుగుదాం. కాదన్నావో, నా మీద ఒట్టే!”

చెల్లెలు కారు తలుపు తీసింది. “స్కాన్లో ఏదో చిన్న మచ్చ కనబడుతుంది, అదేంటో తేల్చాలని మళ్ళీ సూదులు గుచ్చాలంటారు. నాకే లేని భయం నీకెందుకక్కా?”

“తోడబుట్టినదాన్ని, ఉండదా?”

“తోడబుట్టావనే కదా, నిన్నూ రొమ్ముకి మామోగ్రామ్ పరీక్ష చేయించుకోమన్నారు. ఆ మాట వినపడలేదా?”

వినపడింది. అది మళ్ళీ ఎవరూ ఎత్తకూడదనే, మెట్ల పొడుగునా గొంతు చించుకున్నాను.

కారెక్కి, సీటు బెల్టు వెతుకుతున్నట్టు చాలాసేపు తల వంచుకునే ఉన్నాను.