క్లైవ్ మగ్గు

"ఈసారి ఇవ్వను," అంటూ మారీన్ కొక్కేనికి వేలాడుతున్న సత్తు మగ్గును తీసి, కత్తులూ ఫోర్కులూ ఉండే సొరుగులో పడేసింది.

ఓవెన్‌లో మాంసం ఎంతవరకు కాలిందో చూస్తున్న ఆమె భర్త కెన్ తల తిప్పకుండానే, హిలరీ అడిగితే ఏం చెబుతావన్నాడు.

"పోయిందని చెబుతా."

"అలా చెప్పేటప్పుడు నీ మొహం చూస్తే గుడ్డివాడికైనా తెలిసిపోతుంది."

ఆ మగ్గు క్లైవ్‌ది. మారీన్, కెన్ నడిపే 'పొట్టేలు తల' పబ్బుకి రోజూ వచ్చేవాళ్ళ మగ్గులన్నీ బారు మీది దూలానికి వరసగా వేలాడుతుంటాయి. మనిషి పోయినా మగ్గు అక్కడే ఉంటుంది. దుమ్ము దులుపుతారే తప్ప మరొకరు అందులో తాగరు. క్లైవ్ గాదె కప్పు మీంచి జారిపడి, పట్నం ఆసుపత్రిలో మెలకువ రాకుండానే పోయాడు. ఈ పబ్బులో అతని నవ్వు వినకుండా సాయంత్రం గడిచేది కాదు. అతను పోయిన రోజు మారీన్ తలుపులు మూసుకుని, సొంత అన్న పోయినట్టు ఏడ్చింది.

హిలరీ అతని భార్య. మారీన్‌తో కలిసి బడికెళ్ళిన మనిషి. ఇల్లు అమ్మేసి చెల్లెలి ఊరు వెళ్ళిపోయింది గానీ, ఏటా అక్టోబరులో క్లైవ్ పోయిన వారానికి పైన రెండు గదులూ, కింద కిటికీ పక్క బల్లా చెప్పి ఉంచుతుంది. ఏటా ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకొస్తుంది. ఆ మనిషిని క్లైవ్ కుర్చీలో కూచోబెట్టి, క్లైవ్ మగ్గులోనే పొయ్యమంటుంది.

మొదటి ఏడు ఒక బట్టతల బస్సు డ్రైవరు వచ్చాడు. భోజనమయ్యాక ఇద్దరూ వెనక గుట్ట ఎక్కారు. అక్కడ హిలరీ అతని రొమ్ము మీద చెవి ఆనించి, గాలి అంత కొడుతున్నా కదలకుండా నిలబడిపోవడం మారీన్ వంటింటి కిటికీలోంచి చూసింది. సంగతి పబ్బులో బాణాలు విసిరే డార్ట్స్ ఆట ఆడేవాళ్ళ చెవిన పడింది. రెండు గదులు ఎందుకు దండగ అని వాళ్ళు నవ్వుకున్నారు.

మరుసటి ఏడు ఆ డ్రైవరే వస్తాడని అందరూ ఎదురుచూస్తే, ముక్కుకి పోగు పెట్టుకున్న ఒక అమ్మాయి దిగింది. డార్ట్స్ బృందం నోరు మూతబడింది. ఆ పిల్ల నిమ్మ షోడా కలిపిన బీరు మగ్గు మీద మగ్గు తాగి, మాటిమాటికీ బాత్రూముకి పరిగెత్తింది. వెళ్ళొచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని పగలబడి నవ్వారు. అందులో నవ్వవలసిందేముందో కెన్ బుర్రకి తట్టలేదు, మారీన్ బుర్రకీ తట్టలేదు.

వీళ్ళంతా ఎవరే అని మారీన్ అడిగితే, క్లైవ్‌కి బాగా దగ్గరవాళ్ళు అని మాత్రం అంది హిలరీ. తనకి తెలియకుండా క్లైవ్‌కి అంత దగ్గరవాళ్ళెవరో మారీన్‌కి అర్థం కాలేదు. ఆరోజు మొదలు ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం కారు వచ్చి ఆగింది. ఈ ఏటి మనిషి వడ్రంగి, పేరు గ్రెగరీ. గుమ్మం దగ్గరే ఆగిపోయి, పైన వేలాడుతున్న పబ్బు బోర్డునీ, దాని మీద రంగు పెచ్చులూడిన పొట్టేలు బొమ్మనీ ఎంతోసేపు చూస్తూ నిలబడ్డాడు. లోపలికొచ్చి, నల్లబల్ల మీద సుద్దతో రాసిన వంటకాల పేర్లన్నీ అక్షరాలు కొత్తగా నేర్చిన పిల్లాడిలా పైకి చదివాడు. చివరి పంక్తిలో 'ఆపిల్ పై' అన్న తీపి వంటకం దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తుడుచుకున్నాడు.

"మా ఆపిల్ పై బాగుండదని మీకు ముందే చెప్పారా ఏం?" అన్నాడు కెన్.

అతను నవ్వేసి, వెళ్ళి కిటికీ పక్క బల్ల దగ్గర కూచున్నాడు.

హిలరీ బారు దగ్గరికొచ్చి దూలం వైపు చూసింది. ఖాళీ కొక్కెం కనబడగానే మొహంలో రక్తం లేకుండా పోయింది.

"మగ్గేదే?"

"కనబడ్డంలేదు," అంది మారీన్, తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తూ.

హిలరీ గుచ్చి అడగలేదు. పోట్లాడుతుందనుకుని మాటలన్నీ సిద్ధం చేసుకున్న మారీన్‌కి ఆ ఊరుకోవడం మరీ కష్టంగా తోచింది. మామూలు గాజు గ్లాసులో పోసి పంపింది.

మాంసం, యార్క్‌షైర్ పుడ్డింగు పళ్ళేలు పట్టుకుని వెళ్ళేసరికి, హిలరీ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా అతని కళ్ళలోకి చూస్తోంది. పక్క బల్లవాళ్ళు తినడం మానేసి వీళ్ళనే చూస్తున్నారు.

గ్రెగరీ లేచి, గోడ మీద డార్ట్స్ బృందం ఫోటో చూపించి, ఇందులో క్లైవ్ ఎవరని మర్యాదగా అడిగాడు.

మారీన్ చేతిలో పళ్ళెం ఒరిగి గ్రేవీ బల్ల మీద పడింది. క్లైవ్ మొహమే తెలియనివాడు క్లైవ్‌కి దగ్గరవాడెలా అయ్యాడు? ఎడమ చివర నిలబడ్డాయన అని ఎలాగో చెప్పింది. అతను ఫోటో దగ్గరికి వెళ్ళి, ముక్కు తగిలేంతగా వంగి నిలబడ్డాడు.

"అతను క్లైవ్‌ని ఎరగనే ఎరగడు," అంది మారీన్ గొంతు తగ్గించి. "నాతో అబద్ధం చెప్పావు."

"లేదు."

"ఆ డ్రైవరుతో గుట్ట మీద నిలబడ్డావు, సరే అన్నాను. ఆ పిల్లతో నవ్వావు, సరే అన్నాను. మగ్గు సొరుగులో ఉందే, నేనే దాచాను. నువ్వు ఎవరితోనైనా ఉండు, నాకెందుకు? కానీ ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి కళ్ళలోకి అలా చూస్తూ కూచోడానికి క్లైవ్ కుర్చీయే దొరికిందా నీకు?"

హిలరీ బల్ల మీది గ్రేవీని రుమాలుతో మెల్లగా తుడిచింది. ఫోటో ముందు నుంచి కదలని గ్రెగరీ వైపు ఒకసారి చూసి, స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది.

"ఆ కళ్ళు క్లైవ్ ఇచ్చినవే, మారీన్."