ఎనిమిది అన్న మనిషి

"ఎంత కష్టంగా ఉంది? ఒకటి నుంచి పది దాకా ఒక అంకె చెప్పమ్మా."

చెక్క మెట్టు ఎక్కి దిగి, ఎక్కి దిగి సుబ్బక్క రొప్పుతోంది. రవిక తడిసిపోయింది.

"ఒకటే డాక్టరమ్మా."

వసంతలక్ష్మి ఆమె వేలు పొడిచి ఒక చుక్క రక్తం తీసుకుంది.

అది 1984. హోసూరు పక్కన మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీ గేటు బయట రేకుల షెడ్డు. శ్రమ పెరిగితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. ఆడవాళ్లు నోటితో చెప్పే కష్టం కూడా దానితో పాటే పెరుగుతుందా అన్నది వసంతలక్ష్మి పరిశోధన.

ఆడవాళ్ల మాట కొలతకు పనికిరాదని బెంగుళూరులో ఆమె ప్రొఫెసర్ నవ్వాడు. ఆ నవ్వు తప్పని రుజువు చేయడానికే హోసూరులో గది తీసుకుంది. ఆ గదిలో ఆమెతో మాట్లాడేవాళ్లు లేరు.

షిఫ్టు దిగి వచ్చినవాళ్లంతా ఒకటి, రెండు అనే చెప్పారు. వరసలో చివర నిలబడ్డ అంజినమ్మ ఒక్కతే, వేగం పెంచిన కొద్దీ నాలుగంది, ఆరంది, ఎనిమిదంది. మిగతావాళ్లు ముఖాలు తిప్పుకున్నారు.

మరునాడూ వచ్చి అలాగే చెప్పింది.

ఇందరికి లేని కష్టం ఈమెకెక్కడిది? జాలి కోసం చెబుతోందని వసంతలక్ష్మి తీర్మానించుకుంది. అలాంటి మనిషి తనలోనూ ఒకతి ఉందని తెలిసే కాబోలు, గొంతు కటువుగా వచ్చింది.

"రేపటి నుంచి నువ్వు రావద్దు."

"తప్పు చెప్పినానా అమ్మా?"

"చాలినంత మంది ఉన్నారు."

అంజినమ్మ వేలి మీది దూది తీసి చూసుకుంది.

"నీకెట్లుందని అడిగేవాళ్లు యాడా లేరమ్మా. అందుకే వచ్చినాను."

కుందారపల్లి బస్సు వైపు నడిచింది.

వారానికి బెంగుళూరు నుంచి ఫలితాలు వచ్చాయి. ఆమ్లం అందరి రక్తంలోనూ ఒకేలా పెరిగింది. దానితో పాటు పెరిగిన మాట అంజినమ్మది ఒక్కటే.

ఆ సాయంత్రం షెడ్డులో సుబ్బక్కను పట్టుకుని, అంజినమ్మ ఏ షిఫ్టులో ఉంటుందని అడిగింది.

బర్గూరు పక్క రాళ్లు కొట్టే పనికి పోయిందట. ఏ క్వారీయో ఎవరికీ తెలియదట.

"ఇక్కడి పని మానేసిందా?"

సుబ్బక్క గేటు వైపు చూసి గొంతు తగ్గించింది.

"పని కష్టంగా ఉందని నోరు తెరిచి చెప్పిందని, మీరు రాకముందే తీసేసినారమ్మా."