పచ్చ తువ్వాలు

కాలేజీ లైబ్రరీలో కొత్త రీడింగ్ హాలు తెరిచినప్పటి నుంచీ ఏసీ కిందున్న సీటు మీద, బస్సులో వేసినట్టు, ఎవరిదో పచ్చ తువ్వాలు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకొచ్చి ఆఖరి బస్సు దాకా చదువుకునే తస్లీమా దాన్ని చూసి కళ్లల్లో నిప్పులు పోసుకునేది. తువ్వాలు తాలూకు మనిషి మాత్రం ఎప్పుడూ కనబడలేదు.

ఆ రాత్రి తువ్వాలు లాగి నేలకేసి కొట్టి, కూర్చుంది. ఎవరో అప్పుడే లేచినట్టు కుర్చీ వెచ్చగా ఉంది.

వాచ్‌మన్ ఓబులేసు వచ్చాడు.

"దీన్ని తీసిందెవురప్పా?" అని గొణుక్కుంటూ తువ్వాలు దులిపి, ఆమె ఒళ్లో పరిచాడు. ముఖం వైపు చూడనే లేదు.

"అన్నా, నేనుండా ఈడ!"

ఆ మాట వినబడనట్టే అతను వెనుదిరిగాడు. తలుపు దగ్గర ఇంకో అమ్మాయి కుళ్లుగా ఇటే చూస్తూ అతన్ని అడిగింది.

"ఎవురిదన్నా ఆ సీటు? దినామూ ఖాళీగానే ఉంటాది."