ఎర్ర తువ్వాలు

కోమలి గుమ్మానికి ఎర్ర తువ్వాలు కట్టింది. అది చూసి, ఇంటర్వ్యూ ఉందని తెలిసి ఆ అంతస్తులో వాళ్లంతా మిక్సీలు ఆపేశారు. ఫోన్లో ప్రశ్నలడిగే యంత్రం జవాబులతోపాటు ఇంటి చప్పుళ్లకూ మార్కులు వేస్తుంది. రోగి దగ్గు వినబడితే ఉద్యోగం రానట్టే.

ఆయాసంతో బాధపడే మామగారు రత్తయ్య చెంబుతో వేణ్నీళ్లు పట్టుకుని తనే బాత్రూంలోకి వెళ్లాడు.

"బయట గడియ పెట్టెయ్యమ్మా. ఆగలేక వచ్చేస్తానేమో."

"ఉద్యోగం రాగానే ముందు మీ మందులే తెస్తాను మామయ్యా," అంటూ గడియ పెట్టింది.

ఫోన్ మోగింది. నిబంధన ప్రకారం స్పీకర్ పెట్టి, అద్దం ముందు నిలబడి, నేర్చుకున్నట్టే నవ్వుతూ మాట్లాడింది.

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరండి. ఒక్కదాన్నే."

"సంతోషం. ఎంపికయ్యారు. ఇంటి నుంచే పని. సాయంత్రం వరకు ఈ లైను తెరిచే ఉంటుంది, కట్ చేస్తే ఉద్యోగం పోతుంది. మొదటి కస్టమర్ని కలుపుతున్నాం."

బాత్రూం గడియ తుప్పు పట్టింది. తీస్తే కిర్రుమంటుంది. కోమలి రెండడుగులు అటు వేసి ఆగిపోయింది.

"నమస్కారమండి, చెప్పండి," అంది నవ్వు చెదరకుండా.

లోపల అంతా విన్న రత్తయ్య తలుపు తట్టలేదు.