పదిహేడు అంగుళాల చక్రాలు

"ఈ మంచులో ఈ చక్రాలతో కొండ ఎక్కావనుకో, నిన్ను దింపడానికి క్రేను రావాలి" అన్నాడు టైర్ల షాపు లైల్.

వేడ్ మొహం మాడ్చుకున్నాడు. ఎండాకాలంలో ముచ్చటపడి తన ఎస్‌యూవీకి ఇరవై రెండంగుళాల మెరుపు చక్రాలు వేయించాడు. చక్రం పెద్దదయ్యేకొద్దీ దాని చుట్టూ టైరు పలచబడుతుంది. గతుకుల్లో పగులుతుంది. పైగా ఆ సైజులో మంచుమీద జారని టైర్లు మోంటానా రాష్ట్రమంతా గాలించినా ఇవాళ దొరకవు.

"నీ బండికి తగినవి పదిహేడంగుళాలవి. చిన్న చక్రం, లావు టైరు."

"అయితే అవే వెయ్యి. సాయంత్రానికి మా ఆవిడ జోలీన్‌ని కొండవతల ఆస్పత్రిలో చేర్చాలి. రేపే ఆపరేషన్."

"ఒక్క సెట్టే ఉందిరా. ఎవరో పెద్దావిడ ఫోన్ చేసి తనకి ఉంచమంది. దారిలో ఉందట."

"నీ పెళ్ళిలో నీ పక్కన తోడుపెళ్ళికొడుకుగా నిలబడింది ఎవర్రా? ఆవిడా, నేనా?"

లైల్ తల గోక్కున్నాడు. తర్వాత జాకీ తెచ్చాడు.

ఆఖరి చక్రం బిగిస్తుండగా ఆవిడ వచ్చింది. ఆవిడదీ అదే కంపెనీ బండి, బాగా పాతది. టైర్లు బోడిగుండులా అరిగిపోయాయి.

"సెట్టు అయిపోయిందండీ" అన్నాడు లైల్, ఆవిడ కళ్ళలోకి చూడకుండా.

ఆవిడ వేడ్ బండి వైపు చూసింది.

"నాకు ఉంచుతానన్నావు కదా బాబూ."

"ఫోన్లో మాటలు ఫోన్లోనే పోతాయి మామ్మా" అన్నాడు వేడ్. "ఏం, ముసలాళ్ళ బింగో ఆటకి ఆలస్యమైపోతోందా?"

లైల్ కిసుక్కున నవ్వాడు.

"చీకటి పడేలోగా నగరం చేరాలి. అక్కడ నా కోసం ఒకరు ఎదురుచూస్తున్నారు."

"ఇంకో రోజు చూస్తే చచ్చిపోరులే."

ఆవిడ చేతి తొడుగులు తీసి, మళ్ళీ వేసుకుంది.

"ఈ టైర్లు చూస్తే నువ్వూ కొండవతలికే వెళ్తున్నట్టున్నావు. వెనక సీట్లో కూర్చుంటాను. నోరు కూడా విప్పను."

"నాది బస్సు కాదు."

ఆవిడ ఇద్దరికీ తలూపి బయటికి నడిచింది. అరిగిన టైర్లతోనే పాత బండి కొండదారి పట్టింది.

వేడ్ ఇంటికెళ్ళి జోలీన్‌ని ఎక్కించుకున్నాడు. డయాలసిస్‌తో చిక్కి సగమైన మనిషి, దుప్పటి కప్పుకుని ముడుచుకు కూర్చుంది.

కొండమీద మంచు దట్టంగా కురుస్తోంది. కొత్త టైర్లు రోడ్డుని ఉడుంలా పట్టుకున్నాయి. వేడ్ ఈల వేస్తూ నడిపాడు.

పై మలుపు దగ్గర ఒక బండి గోతిలోకి ముక్కు గుచ్చుకుని ఉంది. వెనక లైట్లు వెలిగి ఆరుతున్నాయి.

"ఆపు వేడ్. లోపల ఎవరో ఉన్నారు. చెయ్యి ఊపుతున్నారు."

వేడ్ ఆ బండిని గుర్తుపట్టాడు.

"ఈ ఎత్తులో ఆగితే మళ్ళీ కదలం. వెనక ఎవడో ఒకడు వస్తాడు."

వెనక ఎవరూ రాలేదు. వాళ్ళు దాటాక, మంచు ఎక్కువైందని అధికారులు ఆ దారి మూసేశారు.

కొండ దిగాక ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది.

"ఇప్పుడైనా పోలీసులకి చెబుదాం" అంది జోలీన్.

"ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు. నువ్వు నీ సంగతి చూసుకో."

మర్నాడు జోలీన్‌కి ఆస్పత్రి గౌను తొడిగారు. సూది గుచ్చి ఉంచారు. ఆపరేషన్ గదికి మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదు. వేడ్ నర్సుల మీద అరిచి వచ్చి కూర్చున్నాడు.

చాలాసేపటికి డాక్టరు వచ్చింది. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"డాక్టరుగారూ, నిన్న కొండమీద ఒక బండి గోతిలో పడి ఉంది" అంది జోలీన్. "రాత్రంతా నాకు కళ్ళముందే ఉంది. అందులో ఉన్న మనిషిని ఎవరైనా తీసుకొచ్చారా?"

డాక్టరు జోలీన్ చెయ్యి పట్టుకుంది.

"పొద్దున తెచ్చారమ్మా. చలికి గడ్డకట్టుకుపోయింది. అప్పటికే ప్రాణం లేదు."

"అయ్యో" అంది జోలీన్.

"ఆ గొడవ మాకెందుకండీ" అన్నాడు వేడ్. "మా ఆపరేషన్ సంగతి చెప్పండి."

"అదే చెబుతున్నాను" అంది డాక్టరు. "ఎవరికిస్తున్నదీ తెలియకుండానే, మీ ఆవిడకి కిడ్నీ ఇవ్వడానికి బయల్దేరింది ఆవిడే."