మైనస్ మూడు

ముసలావిడ ఫొటో మీద వేలు పెట్టింది.

"ఈ తెల్లగున్నది ఏంది బిడ్డా?"

"పొడినేల అవ్వా. నీళ్లుంటే నల్లగా కనిపిస్తుంది," అంది కుసుమకుమారి.

"గట్లయితె గీ ఫొటో తప్పు. గా యేడు ఈడ నిలువులోతు నీళ్లుండె."

దిల్‌సుఖ్‌నగర్‌లో, కుసుమ కిరాయి ఇంట్లో ఇళ్ల సంఘం ఆదివారం మీటింగు. ఎల్బీనగర్ అవతల ముప్పై ఎకరాల నేల కొని కాలనీ కట్టుకోవాలని అందరి ఆలోచన. వానలు మొహం చాటేసి మూడేళ్లు. నేల నెర్రెలిచ్చి ఉంది. మంచి వానలు పడ్డ ఏడాది అక్కడ నీళ్లు నిలిచాయా అన్నదే అనుమానం.

ఉపగ్రహం తీసిన ఫొటోలను కంప్యూటర్లో సరిచేసే ఆఫీసులో కుసుమ ఉద్యోగం. ఆ ఏడాది ఫొటో ఆమే తెచ్చింది. ఆ సంగతి విని ఈ ముసలావిడ బస్సెక్కి వచ్చింది.

"బర్రెల మేత పోతుందని ఈవిడ బాధ. మీరు కానివ్వండి అమ్మాయ్," అన్నాడు సంఘం ప్రెసిడెంటు భానుమూర్తి.

ముసలావిడ అతని వైపు చూడలేదు.

"జర మల్లొక్కపారి సూడు బిడ్డా. నా పేరు బుచ్చవ్వ. వచ్చే ఐతారం మల్లొస్త."

"సరే అవ్వా."

ఆ వారం ఆఫీసులో ఊపిరి సలపని పని. ఫొటో సంగతే గుర్తు రాలేదు.

ఆదివారం బుచ్చవ్వ రానే వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"సూసినవా బిడ్డా?"

కుసుమ తడబడలేదు. "చూశాను. నీళ్లు లేవు."

"మంచిగ సూసినవా?"

"కంప్యూటర్ అవ్వా. మనలాగా మరిచిపోదు."

బుచ్చవ్వ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. "గంతేనంటవా" అని, కొంగు నెత్తి మీదికి లాక్కుని మెట్లు దిగిపోయింది.

బేరం, రిజిస్ట్రేషన్ అన్నీ బ్రోకరే నడిపించాడు. రెండేళ్లలో ఇళ్లు లేచాయి. కుసుమ కూడా రెండు గదులు వేసుకుంది.

మూడో ఏడు వాన మూడు రోజులు విడవకుండా కురిసింది. మంచాలు మునిగాయి. లేవలేని మనిషి, భానుమూర్తి తల్లి, ఆ నీళ్లలోనే పోయింది.

కుసుమ ఆఫీసుకెళ్లి ఆ ఫొటో అంకెలున్న పాత టేపు బయటికి తీయించింది.

ఫొటోలో ఒక్కో చుక్కకూ ఒక అంకె. సున్నా అంటే నలుపు. రెండువందల యాభై ఐదంటే తెలుపు. గాలిలోని మసక పోవడానికి ప్రతి అంకెలోంచీ కొంత తీసేసేలా ప్రోగ్రాం రాసింది తనే. నీళ్ల దగ్గర అంకె సున్నా కన్నా కిందికి పోయింది. ఆ అంకెలను బైట్లలోకి, అంటే సున్నా నుంచి రెండువందల యాభై ఐదు దాకా మాత్రమే పట్టే గడుల్లోకి, మార్చిందీ తనే. బైటులో మైనస్‌కు చోటు లేదు. మైనస్ మూడు కాస్తా గుండ్రంగా తిరిగి పై చివర నుంచి లెక్కకొచ్చి, రెండువందల యాభై మూడై తెల్లగా కూర్చుంది.

సరిచేసి మళ్లీ తీస్తే, నట్టనడుమ నల్లటి మడుగు.

మర్నాడు బుచ్చవ్వను వెతుక్కుంటూ కాలనీ పక్క ఊళ్లోకి వెళ్లింది. వాకిలి ఊడుస్తున్న ఆండాలు, బుచ్చవ్వ కోడలు, చీపురు ఆపి చూసింది.

"బర్రెలు కాసుకునే బుచ్చవ్వ ఇల్లు ఇదేనా? ఆమెతో ఒక మాట చెప్పాలి."

"మా అత్త పోయి ఏడాదైంది. బర్లెక్కడియి మాకు?"

"మరి... ఆ నేల గురించి రెండుసార్లు ఎందుకు వచ్చింది?"

"గా ముప్పై ఎకరాలు ఆమె పేరు మీదియే," అంది ఆండాలు. "ఇండ్లు మునుగుతయని ఏలిముద్ర ఎయ్యనే ఎయ్యనన్నది, సదువుకున్న పిల్ల మల్ల సూసి గూడ నీళ్లు లేవన్నంక, నా మతే తప్పిందేమో అనుకుంట ఏసింది."